ఫ్రిజ్‌కి వేసిన తాళం

బీరువాకి తాళం వేస్తారు. వీధి తలుపుకి వేస్తారు. సైకిల్‌కి వేస్తారు. ఫ్రిజ్‌కి తాళం వేసే మనుషులు కూడా ఈ భూమ్మీద ఉంటారని కండక్టరమ్మకు ఆ సాయంత్రం దాకా తెలియదు. తెలిసింది కూడా ఎవరింట్లోనో కాదు, తన ఇంట్లోనే. వేసినవాడు పరాయివాడు కాదు, తను కని పెంచిన కొడుకే. ఎవరి చేతికి అందకుండా వేశాడయ్యా అంటే, ఆమె చేతికి అందకుండా. చెప్పుకుంటేనే ఒళ్ళు మండే సంగతి.

ఆమెకు పేరు లేక కాదు. సిటీ బస్సులో కండక్టరుగా చేరిన నాటి నుంచి వీధి వీధంతా కండక్టరమ్మ అనే పిలవడంతో అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. అప్పట్లో ఆ డిపోలో ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. "ఆడపిల్ల, ఆ తోపులాటకి తట్టుకోలేదు, నెల తిరక్కుండా పారిపోతుంది" అన్నవాళ్ళందరూ ఆమె కంటే ముందే రిటైరై ఇళ్ళలో కూర్చున్నారు. మనిషి పొట్టి. గొంతు మాత్రం బస్సంత. ముందు మెట్టు మీద నిలబడి "టిక్కెట్" అని ఒక్క కేక వేస్తే, వెనక సీట్లో కునుకు తీసేవాడు ఉలిక్కిపడి జేబు తడుముకునేవాడు.

ఒక్క సంగతి చెబితే చాలు, ఆమె ఎలాంటి మనిషో తెలిసిపోతుంది. ఒకనాడు చెకింగ్ వాళ్ళు బస్సెక్కారు. ఒక ముసలాయన దగ్గర టిక్కెట్టు కనిపించలేదు. పాపం, జేబులన్నీ తిరగేస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకోవచ్చు కదా. "ఈ వయసులో ఇదేం బుద్ధి" అని ఒకడు, "దొంగ మొహం చూస్తేనే తెలియడం లేదా, దించెయ్యండి" అని ఇంకొకడు. కండక్టరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి, సంచీ, రుమాలు, కళ్ళజోడు పెట్టె, అన్నీ ఓపిగ్గా వెతికించింది. టిక్కెట్టు ఆయన గొడుగు మడతలో దొరికింది. చెకింగ్ వాళ్ళు చూసి తలూపి దిగిపోయారు. దొంగ అన్నవాళ్ళందరూ కిటికీల్లోంచి బయటికి చూడడం మొదలుపెట్టారు.

ఆమె విజిల్ వెయ్యలేదు. ముందు మెట్టెక్కి నిలబడింది. "ఈయన టిక్కెట్టు తీసుకున్నారు. ఇందాక దొంగ అన్నవాళ్ళు చెవులు రిక్కించి వినండి, ఈయన టిక్కెట్టు తీసుకున్నారు. వెనక సీటు దాకా వినపడిందా?" అంది. వెనక నుంచి ఎవరో "వినపడిందమ్మా" అనేదాకా బస్సు కదల్లేదు. అప్పుడు గానీ "రైట్ రైట్" అనలేదు. నలుగురిలో వేసిన నింద నలుగురిలోనే తీసెయ్యాలన్నది ఆమె పట్టుదల.

అలాంటి మనిషిని దొంగ అన్నారు. అదీ మిఠాయి ముక్క కోసం.

షుగర్ జబ్బు ఆమెకు ఉద్యోగంలో ఉండగానే పట్టుకుంది. తీపి మానెయ్యమని డాక్టరు అన్న రోజున మానేసింది. ఆ తర్వాత ఎవరు పుట్టినరోజు కేకు చేతిలో పెట్టినా "నాకు కాదు నాయనా, నీ నోరే తీపి చేసుకో" అని తిరిగి వాళ్ళ చేతిలోనే పెట్టేది. రోజూ సాయంత్రం పార్కు చుట్టూ నడిచేది. ఈమధ్య చెయ్యి వణుకుతోంది, సిరంజి మీది గీతలు కళ్ళకి ఆనడం లేదు. అందుకని పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ సూది వేసే పని కోడలు తన మీద వేసుకుంది. కోడలు కొరియర్ ఆఫీసులో పనిచేస్తుంది. చెడ్డది కాదు. అసలా ఇంట్లో చెడ్డవాళ్ళంటూ ఎవరూ లేరు. అందుకే ఇంకా ఎక్కువ మండుతుంది.

కొడుకు పెద్ద గోడౌన్‌లో స్టోర్ కీపరు. నడుముకి తాళంచెవుల గుత్తి లేకపోతే అతనికి నడక రాదు. గోడౌన్‌లో బోల్టులు తగ్గితే తాళం, నూనె డబ్బా తగ్గితే తాళం. ఏది తగ్గినా ఎవరు తీశారని అడిగే అలవాటు పోయి, దేనికి తాళం వేద్దామా అని చూసే అలవాటు వచ్చింది. ఆ బుద్ధిని గోడౌన్‌లో వదిలేసి ఇంటికి వస్తే బాగుండేది.

గోడౌన్ యజమాని ఒకసారి పనివాళ్ళందరికీ మిఠాయి పెట్టెలు పంచాడు. కొడుకు తన పెట్టె తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాడు. మర్నాడు మూత తీసి చూస్తే తగ్గింది. ఆ మర్నాడు ఇంకా తగ్గింది.

"అమ్మా, నువ్వేమన్నా తీశావా?"

"నేనెందుకు తీస్తాన్రా?"

"అంటే, ఒక్క ముక్కేగా అని..."

"ఒరేయ్, నేను తింటే తిన్నానని చెప్తాను. తినలేదు."

అతను భార్య వైపు చూశాడు. ఆమె నేల వైపు చూసింది. అమ్మ మాట మీద ఆ సంగతి అక్కడితో ఆగిపోవాల్సింది. ఆగలేదు. ఆ వారంలోనే స్టోర్ కీపరు ఇనుప సామాన్ల కొట్టు నుంచి గడియ రేకూ, కొండీ, తాళం కప్పా తెచ్చి, ఫ్రిజ్ తలుపు అంచుకి బిగించాడు. చెక్క బీరువాలకి పెట్టే గడియ అది. స్క్రూలు తిప్పేటప్పుడు రేకు కొంచెం లోపలికి జరిగింది. అయినా తలుపు మూసుకుంది, కప్ప పడింది. అతనికి కావాల్సింది అంతే.

"నీ ఆరోగ్యం కోసమేనమ్మా" అన్నాడు, స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ.

కండక్టరమ్మ వంటింట్లో నిలబడి ఆ తాళం కప్పని అలాగే చూసింది. బస్సులో రోజూ వందలమంది మనుషుల మధ్య తిరిగి, ఒక్కరి చేతా మాట పడకుండా రిటైరైన మనిషికి, చివరికి దక్కింది ఇదా?

తాళంచెవి కోడలి హ్యాండ్‌బ్యాగులో ఉండేది. వాళ్ళిద్దరూ పనులకి వెళ్ళిపోతే పగలంతా ఆమె, తాళం వేసిన ఫ్రిజ్ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండాలి. చల్లటి నీళ్ళు కావాలన్నా సాయంత్రం దాకా ఆగి "అమ్మాయ్, తాళం" అని అడగాలి. అలా అడగడం కంటే కుళాయి నీళ్ళు తాగడమే మేలనుకుంది.

తాళం పడినప్పటి నుంచి ఫ్రిజ్‌కి కూడా తిక్క మొదలైంది. తలుపు లోపలి అరల్లో చెమట పట్టినట్లు నీళ్ళ చుక్కలు. అక్కడ పెట్టిన పాలు విరిగాయి. కోడలు కంగారుపడి, "అత్తయ్యా, మీ మందు కూడా తలుపులోనే ఉంది, పాడైపోతుందేమో" అని ఇన్సులిన్ సీసాని తీసి, ఫ్రీజరుకి సరిగ్గా కింద ఉండే పళ్ళెంలో, వెనక్కి నెట్టి పెట్టింది. చల్లగా ఉండే చోటు కదా అనుకుంది. కొడుకు వచ్చి, చల్లదనం సరిపోవడం లేదని లోపలి మీట ఆఖరి అంకె దాకా తిప్పేశాడు. ఇద్దరూ తమకి తోచిన మంచిపని చేశామనే అనుకున్నారు.

ఇక చూడాలి ఆ ఫ్రిజ్ సంగతి. మోటారు ఊపిరి తీసుకోకుండా గుర్రుమంటూనే ఉంది. ఫ్రీజరు గోడలకి మొదట గోటితో గీకితే వచ్చే నూగులాంటి మంచు పట్టింది. తర్వాత వేలు మందాన పేరుకుంది. తర్వాత ఫ్రీజరు మూత మూసుకోవడం మానేసింది. కింద అరలో టమాటాలు రాళ్ళయ్యాయి, కొత్తిమీర పట్టుకుంటే పెళపెళ విరిగింది. స్టోర్ కీపరు మాత్రం "చూశారా, ఇప్పుడెంత బాగా చల్లబడుతోందో" అని మురిసిపోయాడు.

అదే సమయంలో కండక్టరమ్మ ఒంట్లో షుగర్ పెరగడం మొదలైంది. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరదు. పిక్కలు లాగేస్తాయి. చెప్పు కరిచి కాలి వేలి మీద పడిన చిన్న పుండు మానకుండా నల్లబడింది. కోడలు వేలికి సూది గుచ్చి మిషన్‌లో చూసి మొహం మాడ్చుకునేది. కొడుకు ఆ అంకె చూసి తల్లి వైపు ఒక చూపు చూసేవాడు. ఆ చూపు ఆమెకి అర్థమైపోయేది.

వారానికోసారి షుగర్ రోగుల్ని చూసే రోజున ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ డాక్టరు గదికి తలుపు ఉండదు, పరదా మాత్రమే. లోపల అన్న మాట బయట బెంచీల మీద కూర్చున్న వాళ్ళందరికీ వినిపిస్తుంది. అక్కడ నిలబడి కొడుకు, గోడౌన్‌లో లారీవాళ్ళతో మాట్లాడే గొంతుతో, "దొంగచాటుగా తీపి తింటోంది డాక్టరు గారూ. ఫ్రిజ్‌కి తాళం వేశాం, అయినా మానడం లేదు. బయట కొనుక్కుంటోందేమో" అన్నాడు.

డాక్టరు ఆమె వైపు చూడను కూడా లేదు. "వయసు మీద పడితే పిల్లలతో సమానం. మీరే కనిపెట్టుకుని ఉండాలి" అని మందు మోతాదు పెంచి రాశాడు. కాలి పుండు మానకపోతే ఆసుపత్రిలో చేర్చాలన్నాడు, వేలు తియ్యాల్సి రావచ్చన్నాడు.

బయటికి వస్తుంటే బెంచీ మీది నుంచి ఒకావిడ, "అయ్యో, కండక్టరమ్మ కదూ! మీ బస్సులోనే ఆఫీసుకి వెళ్ళేదాన్ని" అంది. అని, లోపల విన్న మాట గుర్తొచ్చినట్లుంది, చటుక్కున తల తిప్పుకుంది. కండక్టరమ్మకు తల కొట్టేసినట్లయింది. వేలు పోతుందన్న మాట కూడా ఆమెను అంతగా బాధపెట్టలేదు.

ఆ రోజు నుంచి సాయంత్రం నడక బంద్. బయటికి వెళ్తే మిఠాయి కొట్టు ముందు నిలబడుతుందట! "ఒరేయ్, తాళం మీ దగ్గర, గడప దాటనివ్వరు. ఇంకా నేనెట్లా తింటున్నాను చెప్పు?" అని ఇంతెత్తున లేచింది. "ఏమోనమ్మా, షుగరైతే పెరుగుతోంది కదా" అని అతను చేతులు దులుపుకున్నాడు. తన మాట నిజమని నిరూపించడానికి ఆమె అన్నం సగానికి తగ్గించింది. మిషన్‌లో అంకె తగ్గలేదు. ఒక దశలో ఆమెకే అనుమానం వచ్చింది, నిద్రలో లేచి ఏమైనా తింటున్నానా అని. అద్దం ముందు నిలబడి నాలుక చాపి చూసుకుంది. అబద్ధం ఆడని మనిషి చేత అలా నాలుక చూసుకునేటట్లు చేసిన వాళ్ళని ఏమనాలి?

ఆదివారం పొద్దున్న ఫ్రీజరు మూత మంచులో కూరుకుపోయి ఊడి రావడం మానేసింది. కొడుకు కూరగాయల కత్తి పట్టుకుని మంచుని పొడవడం మొదలుపెట్టాడు. పొడిచి పొడిచి విసుగెత్తి, చివరికి ఫ్రిజ్ మెకానిక్‌కి ఫోన్ చేశాడు.

మెకానిక్ వచ్చేటప్పుడే తిట్టుకుంటూ వచ్చే రకం. చేతిలో పనిముట్ల సంచీ కింద పెట్టకుండానే కత్తిని చూసి అరిచాడు.

"ఎవరండీ పొడిచింది? ఆ గోడ వెనకే గొట్టం ఉంటుంది. చిల్లు పడితే గ్యాసంతా పోయి డబ్బా మిగిలేది మీకు! ఇది ఫ్రిజ్ అనుకున్నారా, కొబ్బరికాయ అనుకున్నారా?"

స్టోర్ కీపరు కత్తిని వెనక్కి దాచుకున్నాడు. మెకానిక్ మోటారుకి చెవి ఆనించి విన్నాడు, మీట అటూ ఇటూ తిప్పాడు. థర్మోస్టాట్ పోయింది, మార్చాలి అని తేల్చేశాడు. మళ్ళీ అంతలోనే తనకే సందేహం వచ్చింది.

"ఎందుకైనా మంచిది, ఓ కాగితం ముక్క ఇవ్వండి. డోర్ రబ్బరు చూస్తాను."

కండక్టరమ్మ తన పర్సులోంచి ఒక పాత టిక్కెట్టు తీసి ఇచ్చింది. ఆఖరి ట్రిప్పులో మిగిలిన కట్టని ఆమె ఇప్పటికీ దాచుకుంది. మెకానిక్ ఆ టిక్కెట్టుని తలుపు సందులో పెట్టి మూసి లాగాడు. రాలేదు, రబ్బరు గట్టిగా పట్టుకుంది. పైన పెట్టాడు, రాలేదు. కింద పెట్టాడు, రాలేదు. తాళం దగ్గర పెట్టాడు. లాగకుండానే టిక్కెట్టు జారి నేల మీద పడింది.

మెకానిక్ వంగి చూశాడు. గడియ రేకు అంచు రబ్బరు కింద దూరి ఉంది.

"ఈ తాళం ఎవరు పెట్టారండీ?"

కోడలు మొగుడి వైపు చూసింది.

"థర్మోస్టాటూ లేదు, ఏమీ లేదు. తలుపు మూసుకున్నట్టు కనపడుతోంది గానీ మూసుకోవడం లేదు. పగలూ రాత్రీ ఆ సందులోంచి బయటి గాలి దూరుతోంది, గాలితో పాటు తడి దూరుతోంది. ఆ తడే మంచయింది. పైగా మీట ఆఖరుకి తిప్పారు. తలుపు దగ్గర చెమటలు, వెనకేమో అంతా గడ్డ! వేడి గిన్నెలు కూడా పెడుతున్నట్టున్నారే, మూతల్లేకుండా? గోడకేమో ఆనించేశారు, వెనక వేడి ఎటు పోతుంది? ముందు ప్లగ్ పీకండి. సామానంతా తియ్యండి. తలుపు తెరిచి, కింద పాతగుడ్డలు పరిచి వదిలెయ్యండి, అదే కరుగుతుంది. తొందరగా ఉంటే లోపల గిన్నెతో వేడినీళ్ళు పెట్టండి, అంతే గానీ కత్తి ముట్టుకోకండి. ఇకమీదట వేలు మందం పేరుకోకముందే కరిగించుకోవాలి. మీట మధ్యలో ఉంచండి. రబ్బరుని సబ్బునీళ్ళతో తుడుస్తూ ఉండండి. ఇదంతా సరే, అసలు ఫ్రిజ్‌కి తాళం ఏమిటండీ, లోపలేమైనా నగలున్నాయా?"

అతను తిడుతూనే గడియ ఊడదీశాడు. వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో నొక్కి నొక్కి నలిగిన రబ్బరుని సాపు చేశాడు. కోడలు సామాను బయటికి తియ్యడం మొదలుపెట్టింది. పళ్ళెం లాగి, వెనక్కి చెయ్యి పెట్టి ఇన్సులిన్ సీసా తీసింది. తీసి వెలుతురులో పట్టుకుని, తనలో తను అనుకున్నట్లుగా, "అయ్యో, ఇవాళ కూడా గడ్డకట్టింది" అంది.

కండక్టరమ్మ చెవులు వయసైపోయినవి కావు. రద్దీ బస్సులో ఎవడు ఏ స్టాపు పేరు గొణిగినా పట్టుకున్న చెవులవి.

"ఇవాళ కూడా అంటే ఏంటమ్మాయ్?"

కోడలు సీసాని కొంగులో పెట్టుకుంది.

"అంటే, అప్పుడప్పుడూ పొద్దున్న గట్టిగా ఉంటోంది అత్తయ్యా. గోరువెచ్చని నీళ్ళల్లో పెట్టి కరిగించి వేస్తున్నాను. కరిగాక మామూలుగానే ఉంటోంది కదా అని..."

"ఎప్పటి నుంచీ?"

"అక్కడ పెట్టిన దగ్గర్నుంచీ."

కండక్టరమ్మ కొడుకు వైపు తిరిగింది.

"మందుల షాపుకి ఫోన్ చెయ్. స్పీకర్ పెట్టు. అందరం వినాలి."

చేశాడు. చెయ్యక చస్తాడా? అవతల మందుల షాపతను తాపీగా చెప్పాడు. "ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు సార్. బాగానే కనపడుతుంది, పనిచెయ్యడం మానేస్తుంది. పారేసి కొత్తది తీసుకెళ్ళండి. అయితే ఆగండి, ఈమధ్య మోతాదు ఏమైనా పెంచారా? పెంచితే డాక్టరుని అడక్కుండా కొత్తది వెయ్యకండి."

డాక్టరుకి చేశారు. ఆయన గొంతులో ఈసారి తొందర వినిపించింది. కొత్త సీసాలోది పాత మోతాదే వెయ్యమన్నాడు. "పెంచిన మోతాదులో మంచి మందు పడి ఉంటే షుగర్ ఒక్కసారిగా పడిపోయి, మనిషి స్పృహ తప్పేది. అదృష్టం" అన్నాడు.

అదృష్టమట! పనిచెయ్యని మందు పొడిచారు, పొడిచి షుగర్ పెరిగిందన్నారు, పెరిగింది కాబట్టి దొంగ అన్నారు, దొంగ అని మోతాదు పెంచారు. నడక మాన్పించారు, అన్నం మాన్పించారు, కాలి వేలు పోయేదాకా తెచ్చారు. ఇంతా చేసి, దొంగకని పెట్టిన తాళమే మందుని పాడుచేసింది. ఆ తాళం లేకపోతే సందూ లేదు, సందు లేకపోతే చెమటా లేదు, మంచూ లేదు, సీసా తలుపులోని తన అరలో చల్లగా, క్షేమంగా కూర్చుని ఉండేది. కండక్టరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఆమె అరవలేదు. ఇంకొక ప్రశ్న మిగిలిపోయింది.

"మరి ఆ మిఠాయి ఎవరు తిన్నార్రా?"

స్టోర్ కీపరు నీళ్ళు నమిలాడు. "నేను ఒకటి తిన్నానమ్మా. గోడౌన్ నుంచి రాగానే. ఒక్కటే."

"మొత్తం మీద ఒక్కటేనా?"

"రోజుకి."

కోడలు తేలు కుట్టిన దొంగలా నిలబడింది. "నేను కూడా ఒకటి తిన్నానండీ. మీరు వచ్చేలోపల. నేను తిన్నది ఒకటే కదా, మిగతావి ఎలా తగ్గుతున్నాయా అని..."

"నేనూ అదే అనుకున్నాను" అన్నాడు అతను.

మెకానిక్ గోడ వైపు తిరిగి దగ్గినట్లు నవ్వుకున్నాడు. ఎవరి ముక్క వాళ్ళకి తెలుసు, ఎదుటివాళ్ళ ముక్క తెలియదు. తెలియనిదంతా ముసలిదాని ఖాతాలో వేసేశారు. ఒకరినొకరు అడిగి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయే సంగతి. అడగడం కంటే తాళం కొనడం తేలికైంది ఆ మొగుడూ పెళ్ళాలకి.

కోడలు ఏడ్చింది. అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుని, "నన్ను తిట్టండి అత్తయ్యా, తెలియక ప్రాణం మీదికి తెచ్చాను" అంది. కండక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లేపింది. "నువ్వు మందు పాడవుతుందనే జరిపావు. మళ్ళీ ఏదైనా తేడా కనపడితే నాతో చెప్పు, అంతే." కోడలు ఆ మధ్యాహ్నమే కొత్త సీసా తెచ్చింది. దాన్ని తలుపు లోపలి అరలో, ఎవరికైనా కనపడేటట్లు పెట్టింది. పక్కనే చల్లదనం చూసే చిన్న థర్మామీటరు కూడా తెచ్చి పెట్టింది.

కొడుకు మాత్రం తేలిగ్గా బయటపడదామని చూశాడు. "సరేలేమ్మా, మందు మార్చేశాం, ఫ్రిజ్ బాగైంది, గడియ పీకేశాం. ఇంకేముంది, అయిపోయింది కదా."

"ఏం అయిపోయింది?"

"అదే, తెలిసిపోయింది కదా, నువ్వు తినలేదని."

"ఎవరికి తెలిసింది? నీకు తెలిసింది. నీ పెళ్ళానికి తెలిసింది. ఫ్రిజ్ బాగుచేసినాయనకి తెలిసింది. నన్ను దొంగ అని నువ్వు అన్నది ఈ ముగ్గురి దగ్గరేనా?"

అతను ఊడదీసిన తాళం కప్ప తీసి జేబులో వేసుకున్నాడు.

"వచ్చే వారం డాక్టరు దగ్గరికి వెళ్దాం. అదే రోజు, అదే టైము. సెలవు పెట్టుకో."

కొత్త మందు పడ్డాక అంకె మెల్లగా దిగడం మొదలుపెట్టింది. వేలి మీద నలుపు విరిగి ఎరుపు తిరిగింది. దాహం తగ్గింది. సాయంత్రం ఆమె ఎవరినీ అడగకుండా చెప్పులు తొడుక్కుని పార్కుకి వెళ్ళొచ్చింది. కొడుకు గుమ్మంలో నిలబడి చూశాడు గానీ ఆపలేదు.

ఆ రోజు వచ్చింది. షుగర్ రోగులు ప్రతి వారం వచ్చేవాళ్ళే కాబట్టి బెంచీల మీద దాదాపు ఆ మొహాలే. బస్సులో వెళ్ళేదాన్నని చెప్పిన ఆవిడ కూడా ఉంది, ఈసారి ముందుగానే తల తిప్పుకుంది. కొడుకు నేరుగా పరదా వైపు నడవబోయాడు. కండక్టరమ్మ అతని చొక్కా వెనక నుంచి పట్టుకుంది.

"లోపలికి తర్వాత. ముందు ఇక్కడ చెప్పు."

"అమ్మా, ఇంతమందిలోనా?"

"ఇంతమందిలోనే కదరా నువ్వు అన్నది."

అతని చెవులు ఎర్రబడ్డాయి. బెంచీల వైపు చూసి, నేల వైపు చూసి, "మా అమ్మ తీపి తినలేదండీ" అన్నాడు. పక్కన నిలబడ్డవాళ్ళకి కూడా సరిగ్గా వినపడి ఉండదు.

"వెనకవాళ్ళకి వినపడలేదు."

పరదా జరిపి డాక్టరు బయటికి వచ్చి నిలబడ్డాడు. విషయం అర్థమైనట్లుంది, ఆపలేదు. కండక్టరమ్మ ఆయన వైపు కూడా ఒక చూపు చూసింది. "మీరూ వినండి డాక్టరు గారూ. ఆ రోజు మీరు వాడిని అడిగారు, నన్ను అడగలేదు." ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని, "అడగాల్సిందమ్మా" అన్నాడు.

స్టోర్ కీపరు తల ఎత్తాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. ఈసారి గోడౌన్ గొంతు బయటికి వచ్చింది, కాకపోతే మధ్యలో వణికింది.

"మా అమ్మ దొంగచాటుగా తీపి తినలేదు. ఒక్క ముక్క కూడా తినలేదు. తిన్నది నేను. మందు పాడుచేసిందీ మేమే. ఆ రోజు ఇక్కడ నేను చెప్పింది అబద్ధం."

టోకెన్లు పిలిచే అమ్మాయి పిలవడం ఆపేసింది. బస్సులో వెళ్ళేదాన్నన్న ఆవిడ లేచి నిలబడి తన చోటు చూపించింది. కండక్టరమ్మ కూర్చోలేదు. ఆమె చూపు ఆఖరి బెంచీ మీద ఉంది. అక్కడ ఒక పెద్దాయన చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని వింటున్నాడు.

"అక్కడిదాకా వినపడిందా అండీ?" అని అడిగింది.

"వినపడిందమ్మా" అన్నాడాయన.

కండక్టరమ్మ కొడుకు చొక్కా వదిలేసింది. అది నలిగితే అరచేత్తో సర్దింది. భుజం మీద చెయ్యి వేసి పరదా వైపు తోసింది.

"రైట్ రైట్" అంది.